నేలపర్తి రోడ్‌లో ఒక్క నిమిషం

నేలపర్తి,
12 జూన్ 2025.

పెద్దమ్మకి,

వందనాలు. నమస్కారం అని రాద్దామనుకున్నాను. నువ్వు హాస్టల్లో పిల్లలందరికీ చూపించి నవ్వుతావని వందనాలే రాశాను.

ఫోను ఎందుకు చెయ్యలేదని అనుకోకు. పోయిన నెల నువ్వే అన్నావు, "ఫోనులో నువ్వు అరుస్తావు, నేను పెట్టేస్తాను. ఏదైనా ఉంటే కాగితం మీద రాయి, రాసేలోపు సగం కోపం దిగుతుంది" అని. దిగదు పెద్దమ్మా. నా కోపం నా ఒక్కడిది కాదు, ఈ ఊరిది.

సంగతేమిటంటే, మన నేలపర్తి రోడ్ స్టేషన్‌లో ఇంకా ఆగుతున్న ఆ ఒక్క జత బళ్ళు, పొద్దున్న కాకినాడ వెళ్ళేదీ సాయంత్రం తిరిగొచ్చేదీ, అవి కూడా ఇక ఆగవని అనుకుంటున్నారు. ఆగేది ఒక్క నిమిషం. ఆ ఒక్క నిమిషం కూడా దండగట! ఎవరికి దండగ? ఎర్రటి ఎండలో సరుకు గంపలు దించుకునే ఆడవాళ్ళకా, ఏసీ గదిలో టైంటేబుల్ గీసేవాళ్ళకా?

అందుకని ఒక పుస్తకం వేస్తున్నాను. "నేలపర్తి రోడ్ స్టేషన్: ప్రజల చరిత్ర." ముప్పై రెండు పేజీలు. నేను పనిచేసే డీటీపీ షాపు వినయ్ కాగితం అసలు ధరకి ఇస్తానన్నాడు. నూట ముప్పై ఏళ్ళ స్టేషన్ అని రుజువైతే ఎవడు ముట్టుకుంటాడో చూద్దాం.

నా దగ్గరున్నవన్నీ సభల్లో బల్లల మీద కొన్న పది రూపాయల పుస్తకాలు. రైళ్ళు ఎవరి లాభం కోసం వేశారో వాటిలో ఉంది. నేలపర్తిలో ఎవరు ఎక్కారో, ఎవరు దిగారో లేదు. నువ్వు స్టేషన్ పక్కన మిషన్ స్కూల్లో ముప్పై ఏళ్ళు పాఠం చెప్పావు. తుని హాస్టల్ వార్డెన్‌గా వెళ్ళి మూడేళ్ళేగా అయింది. స్టేషన్ మాస్టర్ని ఎప్పుడు తీసేశారు, ఏ బళ్ళు ఆగేవి, గూడ్సు షెడ్డు ఎందుకు మూసేశారు, గుర్తున్నదంతా రాయి. దాచకుండా రాయి.

అమ్మ బాగానే ఉంది.

విజయ్ పాల్


తుని,
20 జూన్.

ప్రియమైన విజయ్‌కి,

ప్రభువు నిన్ను కాచుగాక. నువ్వు నమ్మినా నమ్మకపోయినా ఆయన కాస్తాడు, ఆ బాధ నీకక్కర్లేదు.

దాచకుండా రాయమన్నావు, పోలీసు స్టేషన్లో అడిగినట్టు. సరే రాస్తాను.

మా చిన్నప్పుడు గూడ్సు షెడ్డు ముందు బెల్లం బళ్ళు బారులు తీరి ఉండేవి. మీ అమ్మా నేనూ బడినుంచి అటే వచ్చేవాళ్ళం, బుట్టలోంచి రాలిన ముక్కల కోసం. ఆ ఈగలు కాకినాడ దాకా టికెట్ లేకుండా వెళ్ళేవని మా నాన్న అనేవాడు. స్టేషన్ మాస్టరుగారు ఎండాకాలంలో కూడా నల్లకోటు విప్పేవాడు కాదు. స్టేషన్ గంటంటే నిజం గంట కాదురా, వేలాడదీసిన పట్టాముక్క. దాన్ని కొడితే మా స్కూల్లో పిల్లలు పీరియడ్ అయిపోయిందని పుస్తకాలు మూసేసేవాళ్ళు. వేసవిలో బజారులో కిరాణా కొట్టువాళ్ళు, అంటే ఇప్పటి రాజమౌళిగారి నాన్న, ప్లాట్‌ఫారం మీద కుండలు పెట్టించి, బండి ఆగగానే కిటికీ కిటికీకి మంచినీళ్ళు అందించేవారు. తొంభై ఆరు తుపానుకి మాలపల్లెలో కప్పులు లేచిపోతే నాలుగు రాత్రులు వెయిటింగ్ రూమ్‌లోనే పడుకున్నాం. మాస్టరుగారు తాళం తీసి, తాను బయట కూర్చున్నాడు.

ఆ తరవాత రోడ్లు వచ్చాయి, లారీలు వచ్చాయి, షెడ్డుకి తాళం పడింది. మాస్టరు పోస్టు ఎత్తేసి, బోర్డు మీద "హాల్ట్" అని రాశారు. టికెట్లు అమ్మడానికి కమీషన్ మీద ఏజెంటు. కరోనాకి ముందు నాలుగు జతల బళ్ళు ఆగేవి, తరవాత ఒకటే మిగిలింది.

ఇప్పుడు ఏజెంటుగా ఉన్న వీరవేణి గురించి రెండు మంచి మాటలు రాయి. భర్త పోయాక పదకొండేళ్ళుగా ఆ కిటికీ దగ్గరే కూర్చుంది. సామర్లకోటలో ముందే డబ్బు కట్టి టికెట్లు తెచ్చుకుని అమ్ముతుంది. జ్వరమొచ్చినా కిటికీ మూయలేదు.

సత్తియ్య ఎలా ఉన్నాడు? కొబ్బరి చెట్లెక్కే మనిషికి మూత్రపిండాలు పాడవడమేమిటో. వారానికి మూడుసార్లు కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్ళి రక్తం శుద్ధి చేయించుకుంటున్నాడని మీ అమ్మ చెప్పింది. బండి ఉండబట్టి సరిపోయింది.

ఒక్కమాట. టికెట్ల లెక్కల జోలికి మాత్రం పోకు. చరిత్ర పుస్తకానికి లెక్కలెందుకు?

పెద్దమ్మ,
రెబెక్కా


నేలపర్తి,
18 జూలై.

పెద్దమ్మకి,

వందనాలు. చరిత్రకి లెక్కలెందుకు అన్నావు. లెక్కల్లేని చరిత్ర రాజుల కథ అవుతుంది. నువ్వు వద్దన్నాక ఇంక ఆగబుద్ధి కాలేదు. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. జవాబు రెండు వారాల కిందటే వచ్చింది.

నేలపర్తి రోడ్‌లో రోజుకి సగటున తెగుతున్న టికెట్లు యాభై ఎనిమిది.

చదవగానే ఎగిరి గంతేశాను. రోజుకి యాభై దాటితే బండి ఆపడం మానరని అందరూ అంటారు కదా! ఈ ముక్క పుస్తకం అట్ట మీదే వేద్దామనుకున్నాను. ఫొటో కూడా ఉండాలని పొద్దున్నే స్టేషన్‌కి వెళ్ళాను. బండి వచ్చింది. ఎక్కినవాళ్ళు ఇరవై ఒక్కరు.

ఆ రోజు ఏదో తక్కువనుకున్నాను. తొమ్మిది రోజులు వరసగా రాతిబల్ల మీద కూర్చుని లెక్కపెట్టాను. ఇరవై, పద్దెనిమిది, ఇరవై మూడు. సాయంత్రం బండికి ఎక్కేవాళ్ళు ముగ్గురో నలుగురో. మరి మిగతా ముప్పై టికెట్లు ఎవరివి?

చూశాను పెద్దమ్మా. నా కళ్ళతో చూశాను. సోమవారం పొద్దున్న రాజమౌళిగారి కొట్టులో పనిచేసే బుజ్జిబాబు ఒక కవరు తెచ్చి కిటికీలో పెట్టాడు. వీరవేణిగారు లెక్క చూసుకుని టికెట్ల కట్ట ఇచ్చింది. అతను చొక్కా జేబులో కుక్కుకుని, బండి వస్తున్నా అటు చూడకుండా సైకిలెక్కి వెళ్ళిపోయాడు. నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను.

"ఏవండీ, అన్ని టికెట్లు ఎవరికండీ?"

"ప్రయాణం చేసేవాళ్ళకే బాబూ."

"వాళ్ళేరి?"

"ఉన్నార్లెండి."

"ఎక్కడ?"

ఆవిడ టిఫిన్ డబ్బా తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళి, కడిగిందే కడుగుతూ నిలబడింది.

నాకు అర్థమైంది. స్టేషన్ పక్కన రాజమౌళిగారికి ఎకరన్నర స్థలం ఉంది. స్టేషన్ ఉన్నంతకాలమే దానికి ధర. లేని ప్రయాణికుల్ని పుట్టించి, ఏజెంటు చేత దొంగ లెక్క చూపిస్తున్నాడు. ఆవిడకి కమీషన్, ఈయనకి స్థలం. కొట్టుకీ కౌంటరుకీ కుమ్మక్కు! అబద్ధం మీద నిలబడ్డ స్టేషన్ ఎన్నాళ్ళు నిలుస్తుంది? నిజం మీద నిలబెట్టి చూపిస్తాను.

విజయ్ పాల్


తుని,
24 జూలై.

విజయ్,

ఇప్పుడే నీ ఉత్తరం చదివాను. భోజనాల గంట కొట్టారు, అయినా కూర్చుని రాస్తున్నాను.

ఆగు. వీరవేణి మీద గానీ రాజమౌళిగారి మీద గానీ ఒక్క అక్షరం అచ్చు వెయ్యకు. ఎవరికీ అర్జీ పెట్టకు. నువ్వు చూసింది నిజమే, అనుకున్నది కాదు.

ఎందుకని అడక్కు. అది కాగితం మీద పెట్టే సంగతి కాదు, నేనొక్కదాన్నే చెప్పగలిగిందీ కాదు. దసరా సెలవులకి వస్తాను. నిన్ను కూర్చోబెట్టి చెబుతాను. అప్పటిదాకా నా మాట మీద నమ్మకం ఉంచు.

రెబెక్కా


నేలపర్తి,
11 ఆగస్టు.

పెద్దమ్మకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆగు అని ఉంది, కారణం లేదు. పెద్దవాళ్ళు చెప్పారు కాబట్టి ఆగాలా? కారణం చెప్పకుండా ఆగమన్నవాళ్ళ మాట విన్నందుకే కదా ఈ దేశం ఇలా ఉంది.

వేసేశాను. నాలుగు వందలు, పసుపు కాగితం మీద. "నేలపర్తి ప్రజలారా! లేని ప్రయాణికుల టికెట్లు ఎవరు కొంటున్నారు?" ఇద్దరి పేర్లూ వేశాను. చాటుమాటుగా రాయడం నాకు చేతకాదు. ఒక ప్రతి, నా తొమ్మిది రోజుల లెక్క, సమాచార హక్కు జవాబు, మూడూ కలిపి రైల్వే ఆఫీసుకి రిజిస్టర్ పోస్టు చేశాను. విచారణ జరపమని అడిగాను.

నిన్న ఆదివారం ఆరాధన అవగానే గుడి గేటు దగ్గర నిలబడి పంచాను. నీకు నిజం చెప్పాలి, నేననుకున్నట్టు జరగలేదు. మగవాళ్ళు చదివి "అమ్మో" అన్నారు. ఆడవాళ్ళు చదివి ఏమీ అనలేదు. స్త్రీల సమాజం కార్యదర్శి ఆశాజ్యోతి టీచరు కళ్ళజోడు తీసి, "ఇలా రాయమని నీకెవరు చెప్పారు బాబూ?" అంది.

"ఎవరూ చెప్పలేదండి. నేనే తెలుసుకున్నాను."

"అదేలే," అని వెళ్ళిపోయింది.

అక్కణ్ణుంచి బజారుకి వెళ్ళి, రాజమౌళిగారి కొట్టులో ఆయన చేతికే ఇచ్చాను. చాటుగా ఇస్తే పిరికితనం కదా. ఆయన మొదటినుంచి చివరిదాకా చదివాడు.

"ఏంటయ్యా విజయ్ పాలూ, ఒక్క అచ్చుతప్పు లేదే!"

"ఇది అబద్ధమైతే చెప్పండి."

"నా మాటైతే చెబుదును. అది నా మాట కాదు," అని పసుపు కాగితాన్ని మడిచి, "పొట్లానికి కూడా పనికిరాదు, రంగు అంటుకుంటుంది" అన్నాడు. బుజ్జిబాబు కిసుక్కున నవ్వాడు. తప్పు చేసినవాడు అలా నింపాదిగా ఉంటాడా? ఉంటాడు. డబ్బున్నవాడు ఉంటాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మ చేతిలో కూడా ఆ కాగితం ఉంది. నిలబడే చదివింది. నాలుగు మడతలు పెట్టి బియ్యం డబ్బా మీద పెట్టింది. నాకు అన్నం పెట్టింది, నీళ్ళు పెట్టింది. ఒక్కమాట మాట్లాడలేదు.

నీకూ కోపమొస్తే రానీ. రాయి మాత్రం.

విజయ్ పాల్


నేలపర్తి,
9 సెప్టెంబరు.

పెద్దమ్మకి,

నెలవుతోంది, నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. అందుకని నేనే రాస్తున్నాను.

పోయినవారం ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు. మూడు రోజులున్నారు. వీరవేణిగారి పుస్తకాలు తీసుకున్నారు. బండి ఆగినప్పుడల్లా ఒకతను ఫోనులో వీడియో తీశాడు. ఎక్కినవాళ్ళు పంతొమ్మిది, పదిహేడు, ఇరవై రెండు. నా లెక్కకి సరిపోయింది.

ఆ మూడు రోజులూ ఆవిడ కిటికీ లోపల కూర్చుని, అడిగినవాటికి జవాబు చెప్పింది. "మిగతా టికెట్లు కొన్నదెవరమ్మా?" అంటే, "డబ్బిచ్చినవాళ్ళకి ఇచ్చానండి. పేర్లు అడిగే అధికారం నాకు లేదు కదండీ" అంది. ఎంత అడిగినా అంతే.

వెళ్ళేటప్పుడు పెద్దాఫీసరు నన్ను పిలిచి భుజం తట్టాడు. "మంచి పని చేశావు తమ్ముడూ. మేం ఎప్పుడో చెయ్యాల్సింది నువ్వు చేసిపెట్టావు. ఈ స్టేషన్ తియ్యాలని ఎప్పటినుంచో ఉంది, టికెట్ల అమ్మకం అడ్డం వస్తోంది."

ఆ మాటకి నవ్వాను పెద్దమ్మా. నవ్వాను!

నిన్న నోటీసు అంటించారు. ప్రయాణికుల ఆదరణ లేనందువల్ల అక్టోబరు ఒకటి నుంచి ఏ బండీ నేలపర్తి రోడ్‌లో ఆగదు. నేను అడిగింది విచారణ. బండి తియ్యమన్నానా? ఎక్కడైనా రాశానా? ఆ పసుపు కాగితం మళ్ళీ మళ్ళీ చదివాను. రాయలేదు. కానీ తియ్యడానికి కావలసిందంతా రాశాను.

రాజమౌళిగారి స్థలం గురించి రిజిస్ట్రారు ఆఫీసులో అడిగాను. అది ఆయన ఆరేళ్ళ క్రితమే అమ్మేశాడు.

నువ్వేం దాచావు? ఇప్పుడైనా చెప్పు.

విజయ్


తుని,
15 సెప్టెంబరు.

విజయ్‌కి,

ఉత్తరం ఆలస్యం చేశాను. కోపం వల్ల కాదు. నీ పసుపు కాగితం మీ అమ్మ పంపింది. చదివాక, నీకన్నా ముందు నేను ఎవరెవరికి జవాబు చెప్పుకోవాలో ఆలోచిస్తూ ఉండిపోయాను.

నాలుగేళ్ళ కిందట, కరోనా తరవాత, టికెట్లు రోజుకి పాతిక తెగుతున్నాయి, ఇక స్టేషన్ ఉండదని వీరవేణి ఏడుస్తూ నా దగ్గరికొచ్చింది. ఆ వారం స్త్రీల సమాజంలో నేనే లేచి మాట్లాడాను. మన ఇళ్ళలో ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి దేవుడి డబ్బాలో వేస్తాం కదా, పూటకో గుప్పెడు. ఇకనుంచి రెండు గుప్పెళ్ళు తీద్దాం అన్నాను. ఒకటి గుడికి, ఒకటి స్టేషన్‌కి. మీ అమ్మే మొదట చెయ్యెత్తింది. అరవై రెండు ఇళ్ళు, విజయ్. కూలికెళ్ళే ఇళ్ళే ఎక్కువ.

అరవై రెండు ఇళ్ళ బియ్యమంటే ఎలా ఉంటుందో తెలుసా? రేషన్ బియ్యం, సన్నబియ్యం, నూక, అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఎవరూ కొనరు. రాజమౌళిగారు కొన్నారు, మంచి బియ్యం ధరకి. ఇడ్లీరవ్వ ఆడించి అమ్ముకుంటాననేవారు, ఎంత మిగిలిందో ఆయనకే తెలియాలి. ఆ డబ్బే సోమవారం సోమవారం బుజ్జిబాబు తెచ్చిన కవరు. దాంతో పక్కస్టేషన్ దాకా, అన్నిటికన్నా తక్కువ ధర టికెట్లు, రోజుకి ముప్పై లెక్కన వారానికి సరిపడా. ఆ టికెట్ల మీద వచ్చిన కమీషన్ వీరవేణి ఒక్క పైసా ఉంచుకోలేదు. ప్రతి నెలా బియ్యం కొని మా డబ్బాలో పోసేది.

టికెట్ కొని ఎక్కకపోవడం తప్పు కాదు. కానీ ఈ సంగతి బయటపడితే ఆ లెక్క లెక్కే కాదంటారని, ఎవరికీ చెప్పకూడదని ప్రార్థన చేసి మాట తీసుకున్నాం. మీ అమ్మ ఆ రోజే అడిగింది, "మావాడికి చెబుదామా అక్కా? వాడికి ఇలాంటివంటే ప్రాణం" అని. వద్దన్నది నేనే. వాడికి చెబితే మర్నాటికి కరపత్రం అవుతుందని నవ్వాను కూడా. చెప్పకపోయినా అయింది.

జూలైలో నువ్వు రాసినప్పుడైనా చెప్పాల్సింది. పొద్దున్న తునిలో మన బండెక్కితే నేలపర్తిలోనే దిగేదాన్ని, ఒక్కపూట ప్రయాణం. హాస్టల్లో పరీక్షలని ఆగాను. కారణం చెప్పకుండా నిన్ను ఆపలేనని నాకన్నా బాగా ఎవరికి తెలుసు? చిన్నప్పటినుంచీ నీకు అక్షరాలు నేర్పాను గానీ, నిన్ను మా మనిషిగా ఎప్పుడూ కూర్చోబెట్టుకోలేదు. ఆ తప్పు నాది. అది నీ తప్పుని చిన్నది చెయ్యదు. నాది నేను మోస్తాను, అంతే.

వీరవేణి ఇంటికి వెళ్ళు.

పెద్దమ్మ


నేలపర్తి,
22 సెప్టెంబరు.

పెద్దమ్మా,

అందింది.

అమ్మని అడిగాను. వంటింట్లో గడప దగ్గర కూర్చుని అడిగాను. "ఎందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వు అడిగావా? అడగలేదు కదా. రాశావు."

తరవాత ఎసట్లో బియ్యం పోసింది. ముందు రెండు గుప్పెళ్ళు తీసి పెట్టింది. "ఇంక రెండోది ఎందుకమ్మా?" అన్నాను. చెయ్యి ఆగింది. ఒకటి మళ్ళీ గిన్నెలో పోసేసింది. ఆ చప్పుడు విన్నాను పెద్దమ్మా. ఇంతకన్నా రాయలేను.

విజయ్


నేలపర్తి,
3 అక్టోబరు.

పెద్దమ్మకి,

వందనాలు.

నువ్వు వీరవేణిగారింటికి వెళ్ళమన్నావు గానీ, ముందు రైల్వే ఆఫీసుకి వెళ్ళాను. ఊరి సంతకాలతో అర్జీ పట్టుకుని రెండుసార్లు తిరిగాను. రెండోసారి ఒక గుమాస్తా లోపలికి పిలిచి ఫైలు తెరిచాడు. పైనే నా పసుపు కాగితం.

"ఇది మీరే కదండీ రాసింది?"

"అవునండి."

"అబద్ధమా?"

"కాదండి."

"ఎక్కేవాళ్ళు ఇరవైమందే కదా?"

"అవునండి, కానీ..."

"మరింకేంటండి?" అన్నాడు. మంచివాడే. కుర్చీ కూడా వేశాడు. ఇన్నాళ్ళూ ప్రశ్నలు నేనే వేసేవాణ్ణి.

వీరవేణిగారింటికి మూడుసార్లు వెళ్ళి గుమ్మం ముందునుంచే వచ్చేశాను. నాలుగోసారి ఆవిడే పిలిచింది. తడక దగ్గర బట్టలు ఆరేస్తోంది.

"ఎన్నిసార్లు తిరుగుతావు బాబూ? రా, కూర్చో."

తప్పయిపోయిందండి అన్నాను. చాలాసేపు దులిపిన చీరే దులిపింది.

"పదకొండేళ్ళు కూర్చున్నాను ఆ కిటికీ దగ్గర. టికెట్ లేకుండా ఎక్కినవాణ్ణి కేకేసి దింపేదాన్ని. దొంగ అని నన్నే అచ్చు వేశావు. మా అమ్మాయి శ్రీదుర్గ కాలేజీ బస్సులో ఎవరో పైకి చదివారంట. రెండ్రోజులు వెళ్ళనంది."

"ఇంకో కాగితం వేస్తానండి. నాదే తప్పని..."

"వద్దు." ఆ ఒక్కమాటే గట్టిగా అంది. "దయచేసి ఇంకేం వెయ్యకు బాబూ. టీ తాగుతావా?"

తాగాను. అన్నిటికన్నా అదే కష్టమైంది.

ముప్పయ్యో తారీఖు పొద్దున్న ఏం జరిగిందో అమ్మ చెప్పిందో లేదో. ఆఖరిసారి ఆగే పొద్దుటి బండి అని అరవై రెండు ఇళ్ళ ఆడవాళ్ళూ వచ్చారు. పెట్టెలోని ఉతుకు చీరలు కట్టుకుని, గుడికి వచ్చినట్టు వచ్చారు. నాలుగేళ్ళు టికెట్లు కొన్నారు గానీ, అందులో చాలామంది ఆ బండి ఎక్కనే లేదట. ఎక్కాలని కొనలేదుగా. "ఇవాళ ఎక్కుదాం, పక్కూరి దాకా" అన్నారు. వీరవేణిగారు చేతి వేళ్ళు తడుపుకుంటూ చింపి ఇచ్చింది. టికెట్లు అయిపోయాయి. రాజమౌళిగారు కూడా పంచె పైకి కట్టి, వరసలో నిలబడి కొనుక్కున్నారు. "ఇడ్లీరవ్వ తాలూకు ప్రయాణం" అంటే అందరూ నవ్వారు. నూటపాతిక మంది పైనే ఎక్కుంటారు. గార్డు కిందికి దిగి, "ఇంతమంది ఉన్న ఊళ్ళో బండి ఎందుకు తీస్తున్నారమ్మా?" అన్నాడు. ఎవరూ నా వైపు చూడలేదు. చూసినా బాగుండేది.

అమ్మ ఒక టికెట్టే కొంది. నేను గూడ్సు షెడ్డు పక్కన నిలబడ్డాను. ఒక్క నిమిషం ఆగాల్సిన బండి నాలుగు నిమిషాలు ఆగింది.

విజయ్


తుని,
14 అక్టోబరు.

విజయ్‌కి,

దసరాకి రాలేకపోయాను. వచ్చి అరవై రెండు ఇళ్ళ ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడను? క్రిస్మస్ లోపు వస్తాను. వచ్చి, సమాజంలో లేచి నిలబడి చెబుతాను, మాట దాచమన్నదీ నేనే, దాని వల్ల పోగొట్టిందీ నేనేనని.

నిన్ను ఓదార్చను. ఓదార్చడానికి ఇది జ్వరం కాదు.

మొన్న పనిమీద కాకినాడ వెళ్ళాను. మన బండే. నేలపర్తి వస్తోందని పది నిమిషాల ముందే లేచి తలుపు దగ్గర నిలబడ్డాను, అలవాటు. టికెట్ల కిటికీకి చెక్క కొట్టేసి ఉంది. బోర్డు చదివేలోపే వెనక్కి పోయింది. పక్కనున్న అమ్మాయి "ఇదేం ఊరండీ?" అని అడిగింది. ఊరి పేరు చెప్పాను. "ఇక్కడ ఆగదా?" అంది. ఆగదన్నాను.

సత్తియ్య ఎలా వెళ్తున్నాడు? అది రాయి ముందు.

పెద్దమ్మ


కాకినాడ,
6 నవంబరు.

పెద్దమ్మకి,

వందనాలు. ఇది పెద్దాసుపత్రిలో, రక్తశుద్ధి వార్డు బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను.

నువ్వు అడిగేదాకా సత్తియ్యగారు ఎలా వెళ్తున్నారో నాకు తెలియదు. నీ ఉత్తరం చదివి వాళ్ళింటికి వెళ్ళాను. సరిగా వెళ్ళడం లేదు. ఊళ్ళోంచి హైవేకి ఆటో, అక్కడ బస్సు, ఇక్కడ దిగి మళ్ళీ ఆటో. ఒక్కడూ ఎక్కలేక, అడిగితే ఎవరి పని చెడుతుందోనని, రెండు వారాల్లో మూడుసార్లు మానేశారు. కాళ్ళు వాచి, మంచం మీద కూర్చునే నిద్రపోతున్నారు. పెళ్ళాం లేదు, కొడుకు చెన్నైలో తాపీ పని. డాక్టరు చూసి, ఇంకొక్కసారి మానితే మనిషి దక్కడన్నాడు.

వినయ్‌కి చెప్పి వారానికి మూడు రోజులు సాయంత్రం నుంచి పనిలోకి వెళ్తున్నాను. మంగళ, గురు, శనివారాలు నేను తీసుకొస్తున్నాను. ఇది ఎనిమిదోసారి. ఇవాళ బస్సులో ఆయన అడిగారు.

"బాబూ, నువ్వు పసుపు కాగితం వేశావంట కదా. నాకు చదవడం రాదు. ఉందా నీ దగ్గర?"

సంచీలో ఒకటి ఉంది. పారెయ్యలేక ఉంచుకున్నాను.

"చదువు, విందాం."

"వద్దండీ."

"చదువయ్యా. కాకినాడ దాకా ఊసుపోవద్దా?"

చదివాను. మెల్లగా చదివితే, "గట్టిగా, ఇంజను మోతలో వినపడట్లేదు" అన్నారు. ముందు సీటువాళ్ళు కూడా వెనక్కి తిరిగారు. "నేలపర్తి ప్రజలారా" దగ్గర్నుంచి "దోషులను శిక్షించాలి" దాకా మొత్తం చదివాను. కళ్ళు మూసుకుని విన్నారు. అయ్యాక, "మా బాగా రాశావు" అన్నారు. వెటకారం కాదు పెద్దమ్మా, ఆయనకి వెటకారం రాదు.

కళ్ళు తెరిచి, "ఇందులో నేనెక్కడున్నాను?" అన్నారు.

"ఇరవై ఒక్కరు ఎక్కారని రాశాను కదండీ. అందులో ఉన్నారు."

"ఆ ఇరవై మందీ ఎవరెవరు?"

నాకు తెలియదు. రాతిబల్ల మీద తొమ్మిది రోజులు కూర్చున్నాను, నోటుబుక్కు నిండా నిలువుగీతలే గీశాను. ఒక్క పేరు అడగలేదు.

"సర్లే, నేను చెబుతాను, రాసుకో," అన్నారు. వేళ్ళు మడుస్తూ చెప్పుకొచ్చారు. గోంగూర కట్టలమ్మే శ్యామలాంబ. ఎరువుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసే అన్నదమ్ములిద్దరు. నర్సింగు చదివే తేజస్వి. మంగళవారం మాత్రమే వచ్చే చూపులేని పాస్టరుగారు, ఆయన మనవరాలు. పధ్నాలుగు మంది దాకా వచ్చాక బస్సు దిగాల్సొచ్చింది. మిగతావాళ్ళు తిరిగి వెళ్ళేటప్పుడు చెబుతానన్నారు. వాళ్ళందరూ ఇప్పుడు ఎలా వెళ్తున్నారో, అసలు వెళ్తున్నారో లేదో, ఒక్కొక్కరింటికీ వెళ్ళి కనుక్కోవాలి. అచ్చు వెయ్యడానికి కాదు.

నర్సు తలుపు తీసింది. "సత్తియ్యగారి తాలూకు ఎవరండీ?" అని కేకేస్తోంది. బెంచీ మీద ఇంకెవరూ లేవలేదు.

నేనేనండి అని వెళ్తున్నాను.

విజయ్